నెలలు నిండిన గాజుబొమ్మ

నేను ఒక గోళీసోడా బుడ్డిని కావలసినదాన్ని. కాస్తలో తప్పిపోయి మనిషినయ్యాను. మనిషినంటే పూర్తి మనిషినని కాదు లెండి, జానెడున్నర ఎత్తు గాజు ఆడమనిషిని. నాకు కాళ్ళు లేవు, ఆ చోట బుడ్డి అడుగే ఉంది. చేతులు మాత్రం రెండున్నాయి, రెండూ పొట్టమీదే ఉన్నాయి. ఎందుకంటే నేను కడుపుతో ఉన్నాను. నిన్నా మొన్నటినుంచీ కాదు, పుట్టినప్పటినుంచీ కడుపుతోనే ఉన్నాను. అరవై ఏళ్ళ పైమాటే. నవ్వొస్తే నవ్వండి, నాకేం కోపం లేదు. మొదటిసారి నన్ను చూసి నవ్వని వాళ్ళు ఇంతవరకూ నాకు తగల్లేదు.

నా రంగు లేత ఆకుపచ్చ. కళాకారుడు మాతృత్వానికి గుర్తుగా పైరుపచ్చను ఎంచుకున్నాడని పట్నంలో ఒక పెద్దమనిషి నా ముందు నిలబడి చాలాసేపు చెప్పాడు. వింటుంటే నాకే బాగుంది కాబట్టి ఊరుకున్నాను. అసలు సంగతి వేరే. ఎంత తెల్లటి ఇసుకైనా అందులో కాస్త ఇనుము కలిసే ఉంటుంది, అందుకని బుడ్డిగాజుకు ఆ పచ్చదనం దానంతటదే వస్తుంది.

నెల్లూరు జిల్లాలో గూడూరు దాటి సముద్రం వైపు వెళితే ఆ తెల్ల ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో అక్కడొక గాజు ఫ్యాక్టరీ ఉండేది. లాంతరు చిమ్నీలు, మందు సీసాలు, అన్నిటికంటే ఎక్కువగా గోళీసోడా బుడ్లు చేసేవారు. బుడ్డి చెయ్యడంలో ఒక కిటుకుంది. గోళీని లోపల వేశాకే మెడ ఇరుకు చెయ్యాలి. ముందే ఇరుకు చేస్తే గోళీ లోపలికి పోదు, ఆ తర్వాత మరిచిపోతే లోపల ఆగదు. ఈ పనిలో కాశిం చెయ్యి తిరిగినవాడు. దూదేకుల కాశిం బుగ్గల నిండా గాలి పట్టి గొట్టంలోకి ఊదితే ఎంత కావాలో అంతే ఉబ్బేది గాజు.

పొద్దువాలి పని ముగిసేసరికి కుండ అడుగున కాస్త గాజు మిగిలేది. దాంతో పనివాళ్ళు తమకు తోచిన బొమ్మో, చేతికర్రో చేసుకునేవాళ్ళు. యజమాని చూసీ చూడనట్టు పోయేవాడు. గాజు కరిగే చోట్ల చాలా దేశాల్లో ఈ ఆనవాయితీ ఉందని తర్వాత విన్నాను. మనుషులు రోజంతా ఒకరికోసం పనిచేసి అలసిపోతారు కదా, ఆ అలసట తీరడానికి మళ్ళీ అదే పని తమకోసం చేసుకుంటారు. వీళ్ళ తీరు నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ సాయంత్రం కాశిం భార్య పీరమ్మ అన్నం క్యారియరు తీసుకుని వచ్చింది. తొలిచూలు, నెలలు నిండుకొస్తున్నాయి. కొలిమి వేడికి లోపలికి రాలేక గుమ్మం దగ్గరే నిలబడి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. కాశిం ఆమెను చూశాడు, గొట్టం చివర ఎర్రగా వేలాడుతున్న గాజును చూశాడు. అతనికి అల్లరి బుద్ధి పుట్టింది. బుడ్డి పొట్టను మామూలుకంటే ముందుకు ఊదాడు. గొట్టం నుంచి తెంచి గోళీ జారవిడిచాడు. మళ్ళీ కాల్చి మెడ ఇరుకు చేశాడు. అంతవరకూ నేను బుడ్డినే. ఆ మెడ మీద ఒక ముద్ద గాజు పెట్టి తల అన్నాడు, వెనక ఇంకో చిన్న ముద్ద అంటించి కొప్పు అన్నాడు. పటకారుతో రెండు నొక్కులు నొక్కి కళ్ళన్నాడు. గాజు ఎవరికోసమూ ఆగదు గనుక తొందరలో ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ పోయాయి. చివరికి రెండు తీగలు లాగి చేతులు అతికించి, బుడ్ల వరసలో నన్నూ నిదానంగా చల్లారడానికి పెట్టాడు.

మర్నాడు నన్ను చూసి పీరమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇదేంది ఇది? నా మొహం ఇట్టుంటదా? కన్ను పైకొకటి కిందికొకటి! ఆ కొప్పు చూడు, ఉల్లిగడ్డ!"

"నీ మొహం యాడ చేసినా మే? నీ పొట్ట చేసినా. పొట్ట కుదిరిందా లేదా, అది చెప్పు," అన్నాడు కాశిం.

ఆమె నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గోళీ టింగుమంది. పీరమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కాశిం వాళ్ళమ్మ మాత్రం నవ్వినంతసేపు నవ్వి, మనిషి బొమ్మ చెయ్యడం తమ మతంలో తప్పని నాలుగు రోజులు ముభావంగా ఉంది. మనవడు పుట్టాక ఆవిడే నాకు గంధం పూసింది. తప్పొప్పులు మనవళ్ళు పుట్టేదాకానే కాబోలు.

పీరమ్మ కాన్పు తేలిగ్గా అయింది. మంత్రసాని అంకమ్మ గుడిసెలో అడుగుపెట్టిన కాసేపటికే పిల్లాడు కెవ్వుమన్నాడు. పనంతా అంకమ్మది, నొప్పులన్నీ పీరమ్మవి, పేరు మాత్రం నాకొచ్చింది. పక్క గుడిసెలో నెల తప్పిన అమ్మాయి నన్ను అడిగి తీసుకుపోయింది. ఆమెకూ కాన్పు బాగా జరిగింది. ఇంకేముంది, కూలీల లైన్లలో ఎవరికి ఏడో నెల వచ్చినా నన్ను పాతచీరలో చుట్టి ఆ ఇంటికి చేర్చడం రివాజైపోయింది. పురుడు వెళ్ళేదాకా అక్కడే మకాం, తర్వాత ఇంకో ఇల్లు. కొందరు పసుపు రాసేవాళ్ళు, కొందరు గంధం పూసేవాళ్ళు, అందరూ బుగ్గన దిష్టిచుక్క పెట్టేవాళ్ళు. నేను ఎవరి సొత్తూ కాదు. అందరి వంటిళ్ళూ చూశాను, అందరి అత్తల సాధింపులూ విన్నాను.

పొద్దున లేవగానే నన్ను ఊపి చూసేవాళ్ళు. గోళీ గలగలమంటే లోపలి బిడ్డ బాగున్నట్టు. నన్ను నేలమీద పడుకోబెట్టి గోళీ వీధి వైపు దొర్లితే మగ, ఇంటి లోపలికి దొర్లితే ఆడ అని చెప్పేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ లైన్లలో ఇళ్ళన్నిటికీ నేల వీధి కాలువ వైపు వాలుగా ఉంటుంది. కాబట్టి ఎప్పుడు చూసినా మగపిల్లాడే అని తేలేది. ఆడపిల్ల పుడితే, "బొమ్మ తప్పు చెప్పింది," అని నన్నే తిట్టేవాళ్ళు. నేనెప్పుడు చెప్పానమ్మా?

కాలం మారింది. అంకమ్మ పోయింది, నర్సమ్మలు వచ్చారు, పెద్దాసుపత్రి కాన్పులు వచ్చాయి. అయినా నన్ను గుడ్డసంచిలో పెట్టి మంచం కింద దాచేవాళ్ళు. ప్లాస్టిక్కు సీసాలు వచ్చి గోళీసోడా అడిగేవాళ్ళు తగ్గాక ఫ్యాక్టరీ మూతపడింది. కాశిం కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. అతను పోయినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఊపిరి పోశాడని మనుషులు మాటవరసకు అంటారు గానీ, నా పొట్ట నిజంగా అతని ఊపిరితో ఉబ్బిందే.

లైన్లలో జనం ఇసుక గుంటల్లోకీ రొయ్యల షెడ్లలోకీ పనికి మళ్ళారు. అప్పుడే ఆ వాడకు చెంగమ్మ కోడలుగా వచ్చింది. రొయ్యలు ఒలిచే పని. గలగలా మాట్లాడే పిల్ల. ఏడో నెలలో నన్ను వాళ్ళింటికి చేర్చారు. ఆ పిల్ల నాతో కూడా మాట్లాడేది, షెడ్డులో మేస్త్రీ ఏమన్నాడో తను ఏం జవాబిచ్చిందో అన్నీ చెప్పేది. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకువెళ్ళారన్నారు. రెండోసారి అంతదాకా కూడా రాలేదు, నన్ను తెచ్చిన వారానికే కడుపు పోయింది. ఆ రెండుసార్లూ నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. ఉండి ఏం చెయ్యగలను? రెండోసారి తర్వాత ఆడవాళ్ళు వచ్చి నన్ను తీసుకుపోయి పీరమ్మ ఇంట్లో ఊరగాయ జాడీ పక్కన పెట్టారు. నా మహిమ పోయిందన్నారు. అసలు ఎప్పుడుందని పోవడానికి?

ఆ జాడీ పక్క నుంచే నన్ను మృణాళిని చేరదీసింది. ఆమె హైదరాబాదులో ఒక మ్యూజియంలో పనిచేస్తుంది. గాజులో మనిషి రూపం ఎలా ఎలా మారుతూ వచ్చిందో చూపించే ప్రదర్శన ఒకటి పెట్టబోతూ, పాత గాజు ఫ్యాక్టరీల చోట్లు తిరుగుతూ మా వాడకు వచ్చింది. నన్ను చూసి మామూలుగా అందరూ నవ్వినట్టే నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. ప్రదర్శన అవగానే తిరిగి తెచ్చిస్తానని మాటిచ్చింది. అప్పట్లో వాడలో ఎవరూ కడుపుతో లేరు. పీరమ్మకు ఎనభై దాటాయి. "తీసకపో అమ్మా. మా ఆయన చేసింది పదిమందీ చూడనీ," అంది.

అలా నేను ఏసీ గదిలోకి వచ్చిపడ్డాను. నల్లగుడ్డ పరిచిన అద్దాల పెట్టె, నెత్తిన చిన్న దీపం. చుట్టూ మా వంశం! నాకు ఇంత పెద్ద వంశం ఉందని అంతవరకూ తెలియదు. మృణాళిని రోజూ సందర్శకులను తిప్పుతూ అందరి గురించీ చెప్పేది, నేను చెవులు రిక్కించి వినేదాన్ని.

మొదట ఈజిప్టు నీలిముఖం. మూడు వేల ఏళ్ళ కిందటి పద్ధతి. తల లేదు, మెడ లేదు, పక్కకు తిరిగిన ఒట్టి ముఖం. దేనిమీదో పొదగడానికి చేసిందట. ఎవరితోనూ కళ్ళు కలపదు, అంత రాజసం. తీరా చూస్తే ఆ గదిలో ఉన్నది నకలు, అసలుది పరాయి దేశంలో ఎక్కడో ఉంది. నకలుకే ఇంత టెక్కయితే అసలుది ఎలా ఉంటుందో!

దాని పక్కన రోము తలకాయ సీసా. వెనకా ముందూ రెండు ముఖాలు. గాజు ఊదడం నేర్చిన తొలి రోజుల్లో అచ్చులోకి ఊది ఇలాంటివి చేసి సుగంధ తైలాలు పోసుకునేవాళ్ళట. దాన్ని చూశాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. వాళ్ళు మనిషిని సీసా చేస్తే గొప్పా, మా కాశిం సీసాను మనిషిని చేస్తే తక్కువా?

ఆ తర్వాత చాలా వందల ఏళ్ళు యూరపులో గాజు మనుషులు ఎక్కువగా చర్చి కిటికీలకే అతుక్కుపోయారట. ఫొటోల్లో చూశాను, రంగురంగుల అంగీల్లో అందరూ పుణ్యాత్ములే. అక్కడినుంచి దిగివచ్చినవాళ్ళు ఫ్రాన్సులో వేలెడు మనుషులయ్యారు. దీపం మంట మీద గాజు కడ్డీలు కరిగించి రాగితీగ చుట్టూ చుట్టి చేసిన గొర్రెల కాపరులు, బిచ్చగాళ్ళు, సైనికులు. వీళ్ళతో నాకు బాగా కుదిరింది, ఎందుకంటే వీళ్ళకూ మొహాలు సరిగ్గా లేవు. బొహీమియా దేశపు దొరసాని ఒకతె ఉంది. పాలరాయిలా కనిపించాలని పాపం గాజుకుండే మెరుపంతా గీకించుకుంది. ఆమె ఎదురుగా ఫ్రెంచి సుందరి, ఒంటిమీద నూలుపోగు లేదు. మగవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న కాగితం చాలా శ్రద్ధగా చదువుతారు. ఇక చివర్న ఈ కాలపు పెద్ద తలకాయ. అచ్చులో పోసి వారాల తరబడి చల్లార్చిందట. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. లోపలికి పోయిన వెలుగే దాని ముఖం అని మృణాళిని చెబితే జనం తలలూపేవాళ్ళు.

వేల ఏళ్ళుగా గాజుతో రాజును చేశారు, దేవుణ్ణి చేశారు, సుందరిని చేశారు. ఆ గదిలో కడుపుతో ఉన్న కూలివాడి పెళ్ళాం నేనొక్కదాన్నే. ఈ సంగతి ఒక పత్రికలో వచ్చాక జనం నాకోసం రావడం మొదలెట్టారు. నా బొమ్మను పెద్ద పోస్టరు వేసి గేటు దగ్గర కట్టారు. తాకరాదు అన్న పలక నా పెట్టె ముందు పెట్టారు. ఒకప్పుడు పసుపు చేతులతో, చేపల చేతులతో పట్టుకుని ఎవరు పడితే వాళ్ళు ఊపిన ఒళ్ళు ఇది. చెప్పొద్దూ, నాకు ఆ మర్యాద మహా రుచించింది. అక్కడే ఉండిపోదామనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మృణాళిని పెట్టె తెరిచి మెత్తటి గుడ్డతో నా దుమ్ము తుడుస్తుండగా ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

"మేడమ్, నేను చెంగమ్మని. పీరమ్మవ్వ ఫోన్లో మాట్లాడుతుండా. మా బొమ్మ కావాల నాకు."

చెంగమ్మకు మళ్ళీ నెల తప్పిందట, ఎనిమిదో నెల నడుస్తోందట. ఈసారి నొప్పుల దాకా ఆగొద్దు, ముందే వచ్చి ఆస్పత్రిలో చేరమని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. చెంగమ్మ చేరనంటోంది. ఆ ఆస్పత్రి మంచం తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదని, బొమ్మ పక్కనుంటే చేరతానని, లేకపోతే ఏదైతే అది కానీ ఇంట్లోనే ఉంటానని అంటోంది. ఇంట్లో ఉంటే బిడ్డకే కాదు, తల్లికీ ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిన మాట పీరమ్మ వెనకనుంచి అరిచి చెప్పింది. ఆపైన గొంతు తగ్గించి, "మేమెంత చెప్పినా వినదు తల్లీ. ఆ బొమ్మకి మహిమ పోయిందంటే నా మీదే ఎగిరిపడతా ఉండాది," అంది.

మృణాళిని వెంటనే డైరెక్టరు నిరంజనరావుగారి దగ్గరికి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి. జనం బాగా వస్తున్నారని అప్పుడే ప్రదర్శనను పొడిగించాడు. ఇప్పుడు పోస్టరు మీదున్న బొమ్మనే తీసేస్తే ఎలా? రైల్లో పగిలితే ఎవరిది పూచీ? ప్రదర్శన ముగిశాక మనమే జాగ్రత్తగా పంపుదాం అన్నాడు. కాన్పులు ప్రదర్శన ముగిసేదాకా ఆగవని మృణాళిని అంది. అది ఆస్పత్రివాళ్ళు చూసుకోవాలి గానీ మ్యూజియం కాదు గదమ్మా అన్నాడాయన. ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపించి మృణాళిని దిగులుగా తిరిగొచ్చింది. నేనూ లోలోపల, హమ్మయ్య, దీపం కింద ఇంకొన్నాళ్ళు ఉండొచ్చనుకున్నాను. అనుకున్నమాట అనుకోలేదని ఎందుకు చెప్పాలి?

తర్వాతి వారం, సందర్శకులు బాగా ఉన్న వేళ, గదిలోకి ఆరేడుగురు ఆడవాళ్ళు వచ్చారు. తలల్లో కనకాంబరాలు, చేతుల్లో పళ్ళేలు. ముందు చేతికర్రతో పీరమ్మ. రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నారు. రోము తలకాయను, ఫ్రెంచి సుందరిని దాటుకుని వచ్చి, ఆ సుందరి దగ్గర మాత్రం నోళ్ళు నొక్కుకుని, నా పెట్టె ముందున్న బెంచీ మీద అన్నీ పరిచారు. పసుపు, కుంకుమ, గంధం, జాకెట్టుగుడ్డ, టిఫిను డబ్బా నిండా చలిమిడి, ఆకుపచ్చ గాజులు. కాపలాదారు కంగారుపడి నిరంజనరావుగారిని పిలుచుకొచ్చాడు.

"అయ్యా, మా బిడ్డని పురిటికి తీసకపోదామని వొచ్చినాం," అంది పీరమ్మ.

"మీ అమ్మాయా? ఏ సెక్షనులో పనిచేస్తుందమ్మా?" అన్నాడాయన, పాపం నిజంగానే.

పీరమ్మ కర్రతో నన్ను చూపించింది. "అదిగో. మా ఇంట్లో పుట్టిన పిల్ల. మీ ఇంటికి పంపినాం. బాగానే చూసుకుంటుండారు, కాదన్లా. చల్లటి గది, తలమింద దీపం. అయినా నెలలు నిండిన పిల్ల గదా సామీ. పుట్టింటికి పంపాల్నా లేదా?"

ఆయన నోరు తెరిచాడు. నిబంధనలు అన్నాడు. ప్రదర్శన అన్నాడు. గాజు వస్తువు ప్రయాణం అన్నాడు.

"ప్రయాణం చేయగూడదని మాకు తెలీదా? అందుకే నేనే వొచ్చినా, వొళ్ళో పెట్టుకుని తీసకపోతా," అంది పీరమ్మ. "రేపు పిల్లకేమన్నా అయితే మాటొచ్చేది ఎవురికి? అత్తారోళ్ళకేగా. మీ మంచికే చెప్తుండా."

చూడవచ్చిన వాళ్ళంతా మా చుట్టూ మూగారు. ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆపి నిరంజనరావుగారి ముఖంలోకి చూడడం మొదలెట్టారు. "పంపించండి సార్, ఆడపిల్ల ఉసురు," అని ఎవరో అన్నారు. మృణాళిని ముందుకొచ్చి, గోళీసోడా బుడ్డి కాన్పుకోసం కాదనీ, అక్కడ ఒక మనిషి ఆస్పత్రికి పోనని కూర్చుందనీ అందరికీ వినబడేలా చెప్పింది. నిరంజనరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎన్ని నిబంధనలు వల్లించినా ఆయనా తెలుగు ఇంట్లో పుట్టినవాడే. పురిటికి పిలవడానికి పసుపు కుంకుమలతో పుట్టింటివాళ్ళు వచ్చి నిలబడితే పంపననే మాట ఆయన నోట ఎలా వస్తుంది? చివరికి ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, వియ్యంకులందరూ అడిగేదే.

"మళ్ళీ ఎప్పుడు పంపిస్తారు?"

"బిడ్డకి మూడో నెల రాంగానే," అంది పీరమ్మ, వియ్యపురాళ్ళందరూ చెప్పినట్టే.

పెట్టె తెరిచారు. పీరమ్మ నా నుదుట కుంకుమ పెట్టింది, గాజులు నా చేతులకు పట్టవు గనుక మెడలో వేసింది. చలిమిడి నా నోటికి చూపించి గుంపుకంతా పంచిపెట్టింది. నిరంజనరావుగారు కూడా రెండుసార్లు పెట్టించుకున్నారు. వెళ్తూ వెనక్కి చూస్తే ఖాళీ పెట్టెలో మృణాళిని పలక పెడుతోంది. పురిటికి పుట్టింటికి వెళ్ళింది అని రాసింది. ఆ పలకను చూడడానికి నన్ను చూడడానికంటే ఎక్కువమంది వచ్చారని తర్వాత తెలిసింది. నాకు కాస్త మంటగానే ఉంది.

పీరమ్మ ఒళ్ళో పెట్టుకుంటానన్నా వినకుండా మృణాళిని కూడా మాతో రైలెక్కింది. దారి పొడుగునా ఇద్దరూ వంతులవారీగా నన్ను ఎత్తుకున్నారు. వాడకు చేరేసరికి చెంగమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. పొట్ట ఎంత ఉందంటే, నాదొక పొట్టేనా అనిపించింది. నన్ను రెండు చేతులా తీసుకుని తన పక్కనే నిలబెట్టుకుంది. తర్వాత, "చిక్కిపోయినావు మే," అంది నాతో. గాజు చిక్కడమేమిటి? ఆ పిల్ల మాటలు అలాగే ఉంటాయి.

మృణాళిని ఆమె పక్కన కూర్చుంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, మెల్లగా అడిగింది.

"చెంగమ్మా, కోప్పడకు. నిజంగా ఈ బొమ్మ ఉంటే బిడ్డ బతుకుతుందని నమ్ముతున్నావా? ఆ రెండుసార్లూ ఇది నీ దగ్గరే ఉంది కదా?"

"దీని మొహం, ఇదేం బతికిస్తది?" అంది చెంగమ్మ. "సోడాబుడ్డి అని నాకు తెలీదా ఏంది? బిడ్డని బతికించేది డాక్టరమ్మ."

"మరి?"

చెంగమ్మ నా పొట్టమీద చెయ్యి వేసింది. "రెండుసార్లూ అందరూ వొచ్చినారు మేడమ్. బిడ్డ పోయిందని ఏడ్చినారు, పోయినారు. ఇంక ఎవురూ నా మొహం చూళ్ళా. నేను పనికి పోతే తప్పుకుని నడిచినారు. ఇదొక్కటే నా పక్కన పొట్టేసుకుని ఉండింది. దీనికీ అంతేగదా. అరవై ఏళ్ళబట్టి మోస్తానే ఉండాది. దీనికి మాత్రం కాన్పయిందా? బిడ్డ మొహం చూసిందా? ఎవురి కాన్పుకైనా దీన్ని మోసకపోయినారే గాని, ఎట్టుండావే అని దీన్ని అడిగినోళ్ళు ఉండారా? అట్టాంటి మంచం మిందికి నేను ఒక్కదాన్నే ఎట్ట పోయేది? ఇది తోడుంటే పోతా."

పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా గురించి ఎంతమంది ఎన్ని చెప్పారో మీరు విన్నారు. మహిమ అన్నారు, మహిమ పోయిందన్నారు, మాతృత్వం అన్నారు, కళ అన్నారు. అన్నీ విని లోలోపల నవ్వుకున్నదాన్ని. నేనూ ఒక ఆడదాన్నేనని, నాకూ ఒక కడుపు కోత ఉండొచ్చని అనుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. చివరికి నేను కూడా అనుకోలేదు. ఆ క్షణాన దీపాలూ పోస్టరూ అన్నీ మరిచిపోయాను. ఈ పిల్ల బిడ్డ బతకాలి, నాకు ఇంకేమీ వద్దు అనుకున్నాను.

ఆ సాయంత్రమే చెంగమ్మ ఆస్పత్రిలో చేరింది. నర్సమ్మ నన్ను చూసి, "ఇదెందుకు, తగిలితే పగిలిపోతుంది," అని కసిరింది. మృణాళిని నచ్చజెప్పి నన్ను మంచం పక్క బల్లమీద టవలు చుట్టి పెట్టింది. కొన్ని రోజులు అలా గడిచాయి. చెంగమ్మ నాకు రొయ్యల షెడ్డు కబుర్లన్నీ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఒక పొద్దున డాక్టరమ్మ చూసి, ఇంక ఆగొద్దంది. చెంగమ్మను ఆపరేషను గదికి తీసుకుపోయారు. నన్ను లోపలికి రానివ్వలేదు. నేను ఖాళీ మంచం పక్కన ఉండిపోయాను. ఎన్నో పురుళ్ళు చూసినదాన్ని, ఎన్నడూ భయపడలేదు. ఆ పొద్దున భయపడ్డాను. వరండాలో పీరమ్మ ఎవరెవరికో మొక్కుకుంటోంది, ఒక దేవుణ్ణీ వదిలిపెట్టలేదు.

ఎండ కిటికీలోంచి బల్లమీదికి వచ్చేసరికి చెంగమ్మను తిరిగి మంచం మీదికి చేర్చారు. ఆ వెనకే నర్సమ్మ వచ్చింది. ఆమె చేతుల్లో తెల్లగుడ్డ మూట, ఆ మూటలోంచి ఏడుపు. చెవులు గింగురుమనేలా, ఆస్పత్రి అంతా వినిపించేలా ఏడుపు. అంత చక్కటి సంగీతం నేను పట్నంలో కూడా వినలేదు. ఆడపిల్ల. డాక్టరమ్మ ముఖం మీద చెమట ఇంకా ఆరలేదు, ఆ మనిషి నవ్వుతోంది.

చెంగమ్మ బిడ్డను చాలాసేపు చూసుకుంది. తర్వాత నన్ను దగ్గరికి తెమ్మని పీరమ్మకు సైగ చేసింది. నన్ను తీసుకుని బిడ్డ పక్కన పడుకోబెట్టింది. నా పైకన్నూ కిందికన్నూ రెండూ బిడ్డ ముఖానికి ఎదురుగా వచ్చేలా సర్దింది.

"చూడు మే," అంది నాతో. "బాగా చూడు. మన బిడ్డ."

చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. నిరంజనరావుగారు కనిపించి నా సంగతి అడిగితే, పురుడు ఇంకా వెళ్ళలేదని చెప్పండి.